పన్నెండో కందిరీగ

మే 6

పెదనాన్నగారికి,

మీ తమ్ముడి కూతుర్ని రాస్తున్నాను. కవరు వెనక ఇంటిపేరు చూడగానే మీరు చింపేస్తారని నాన్న అన్నారు. చింపితే చింపండి గానీ, ముందు రెండో పేజీ దాకా చదవండి.

మీరు నన్ను చివరిసారి చూసేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. పిచ్చుకా అని పిలిచేవారు. ఇప్పుడు ముప్ఫైనాలుగు. మీరు పనిచేసిన మ్యూజియంలో, మీరు పనిచేసిన పురుగుల విభాగంలోనే ఉద్యోగం. మీ కుర్చీ ఎప్పుడో విరిగిందట. మీ కిటికీ మాత్రం నాకొచ్చింది. రెక్క ఇప్పటికీ సరిగ్గా పడదు, అట్టముక్క మడిచి బిగిస్తున్నాను.

పోయిన వారం కలరా ఉండలు మారుస్తుంటే అడుగు సొరుగులో మీ పెట్టె దొరికింది. మూత మీద మీ రాత: "రెండు. ఒకటి కాదు." లోపల సాలీళ్ళను వేటాడే నల్ల కందిరీగలు, అన్నీ ఆడవి, గుండుసూదులకు గుచ్చి రెండు వరసలు. ఎడమ వరసలో పన్నెండింటికీ ముందుకాళ్ళ మీద దువ్వెన పళ్ళలాంటి పొడుగాటి ముళ్ళు. కుడి వరసలో పన్నెండింటికీ అవే ముళ్ళు పొట్టిగా. మిగతాదంతా ఒకేలా ఉంది.

ఈ ప్రాంతపు కందిరీగల జాబితా ఒకటి మా విభాగం అచ్చు వేస్తోంది. సెప్టెంబరులో ప్రెస్సుకు వెళ్తుంది. వీటి గురించి రాయాల్సింది నేను. ఇరవయ్యారేళ్ళ కిందట మీరు ఇవి రెండు జాతులన్నారు. అప్పటి పెద్దసారు ఒకటే అన్నారు. ఫైల్లో ఆయన మాట ఉంది, మీ రాజీనామా ఉంది, మధ్యలో ఏమీ లేదు. ఆ మధ్యలోది మీరు చెప్తే వినాలని ఉంది.

నాన్న బాగున్నారు. చెయ్యి కొంచెం వణుకుతోంది, బొమ్మలు వెయ్యడం మానేశారు. మీకు రాస్తున్నానంటే "రాయి, నీ ఇష్టం" అన్నారు.

మీ
పిచ్చుక

మే 15

పిచ్చుకా,

చింపలేదు. చింపాలన్నా కళ్ళద్దాలు కావాలి కదా, అవి దొరికేసరికి సగం చదివేశాను. నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. మ్యూజియం వదిలాక ఇరవై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను, ఎర్ర పెన్ను లేకుండా ఏదీ చదవలేని జబ్బు పట్టుకుంది. పట్టించుకోకు.

నేనుండేది గడియారాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదుల్లో. కింద నలభై గడియారాలుంటాయి, ఒక్కటీ ఇంకోదానితో ఏకీభవించదు. మ్యూజియం కమిటీలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

మధ్యలోది చెప్పమన్నావు. విను. నువ్వు పెద్దసారు అంటున్న మనిషికి మేం పెట్టుకున్న పేరు సంతకం గారు. మేం చేసిన ప్రతి పని కిందా ఆయన సంతకం ఉండేది. ఆయన చేసిన పని కింద మాత్రం ఎవరి సంతకమూ ఉండేది కాదు, అసలు ఆయన చేసిన పనంటూ ఉంటే కదా!

నాలుగు వేసవులు నది ఇసుకలో బోర్లా పడుకుని ఆ కందిరీగలను చూశాను. పొడుగు దువ్వెనది దాంతోనే ఇసుక ఎగజిమ్ముకుంటూ గూడు తవ్వుతుంది. వేసవి చివర్లో పొట్టి దువ్వెనవి కనబడ్డాయి. పన్నెండు పట్టి, ఇది వేరే జాతి అని వ్యాసం రాశాను. సంతకం గారు అద్దంలోంచి అరనిమిషం చూసి, "ఏవుందయ్యా ఇందులో? తవ్వీ తవ్వీ ముళ్ళరిగిపోయిన ముసలివి. నీ రెండో జాతి మొదటి జాతికి ముసలితనం" అన్నాడు. గదంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో జోరీగలా ఉంది.

అంతటితో ఆగినా బతికిపోయేవాణ్ణి. ఆయన అచ్చువేసిన ఖండనలో ఒక బొమ్మ ఉంది: నా పొట్టి దువ్వెన, యాభై రెట్లు పెద్దది చేసి, ఒక్కో ముల్లూ చివర విరిగినట్టు. ఆ బొమ్మ గీసింది మ్యూజియం చిత్రకారుడు, అంటే మీ నాన్న. చరిత్రలో తమ్ముళ్ళు అన్నలను కత్తితో పొడిచారు, విషం పెట్టారు, కోటలో బంధించారు. పెన్సిలుతో పొడిచినవాడు నేను చదివినంతలో మీ నాన్న ఒక్కడే.

నాకు డెబ్బై ఎనిమిది. పెన్షను చాలు, పుస్తకాలున్నాయి, మెట్లు దిగలేకపోవడం తప్ప లోటు లేదు. ఒక్కటే కావాలి. నీ జాబితాలో "రెండు" అన్న మాట, పక్కన నా పేరు. కళ్ళు పూర్తిగా పోకముందు అచ్చులో చూడాలి.

పెదనాన్న

జూన్ 2

పెదనాన్నగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పులేమీ దొరకలేదు.

ఈ ఉత్తరం నాలుగో కాగితం మీద రాస్తున్నాను. ముందు మూడూ చెత్తబుట్టలో ఉన్నాయి, ఎలా మొదలుపెట్టాలో తెలీక. సూటిగానే చెప్తాను. కుడి వరసను ముళ్ళ కోసం కాదు, రెక్కల కోసం చూశాను. కందిరీగ కొత్తగా బయటికొచ్చినప్పుడు రెక్క అంచు కత్తిరించినట్టు నున్నగా ఉంటుంది. ఎగిరి ఎగిరి, గడ్డికి రాసుకుని, పాత తువ్వాలు అంచులా చీలికలవుతుంది. ముసలిదో కాదో ముళ్ళను అడగక్కర్లేదు, రెక్క చెప్తుంది. మీ పన్నెండులో పదకొండింటికి రెక్కలు పేలికలే. ముళ్ళ చివరలు విరిగే ఉన్నాయి. ఆ పదకొండు విషయంలో పెద్దసారు అన్నది నిజం.

పన్నెండోది వేరు. రెక్కలు కొత్తవి. ముళ్ళు పొట్టివే గానీ లావుగా, చివర సూదిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. అది ముసలిదానిలా లేదు, వేరే దానిలా ఉంది. చీటీ మీద మీ చేత్తో రాసిన "నది ఇసుక" అన్న మాటా, తేదీ ఉన్నాయి. కానీ ఒక్కదాన్ని చూపించి జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు.

బొమ్మ గురించి నాన్నని అడిగాను. "ఆఫీసు ఆర్డరమ్మా అది, గియ్యనంటే ఉద్యోగం పోయేది. అన్నయ్య ముళ్ళు పూర్తిగా గియ్యరా అన్నాడు. విరిగినవాటిని పూర్తిగా ఎలా గీస్తాను? కనబడింది గీశా" అన్నారు. కోపంగా లేరు.

పిచ్చుక

జూన్ 9

అమ్మాయికి,

నీ ఉత్తరమంతా మీ నాన్న వాసన కొడుతోంది. "కనబడింది గీశా." ఇరవయ్యారేళ్ళుగా ఆ రెండు ముక్కలూ నోట్లో నానబెట్టుకుని కూర్చున్నాడన్నమాట. చెయ్యి వణుకుతోంది గనక ఈసారి కూతురి చెయ్యి అరువు తెచ్చుకున్నాడు.

రెక్కల సంగతి సంతకం గారికీ తెలీదు. ఆయన మాట నిజమైంది ఆయనకు తెలిసి కాదు, గుడ్డిగా. గుడ్డి నిజానికి నేను చప్పట్లు కొట్టను.

పన్నెండోదాని గురించి నాకేమీ గుర్తులేదు.

నువ్వు అడిగింది చెప్పాను. నీకు కావాల్సింది నీకు దొరికింది. ఇంక రాయనక్కర్లేదు.

(సంతకం)

జులై 1

పెదనాన్నగారికి,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. మీరు అమ్మాయికి అని మొదలుపెట్టారు, నేను మాత్రం పెదనాన్నగారికి అనే మొదలుపెడతాను.

ఒకటి చెప్పాలి. నేను మీకు ఏం రాస్తున్నానో నాన్నకి తెలీదు, ఆయన అడగరు. రెక్కలు చూసింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి.

రెండోది అసలు విషయం. మ్యూజియం వెనక సైకిళ్ళు పెట్టే చోటుంది కదా, వాచ్‌మన్ గది మెట్ల ముందు. నేల రాయిలా ఉంటుంది, ఎండకి పగుళ్ళు. పోయిన నెల అక్కడ టీ తాగుతుంటే ఒక నల్ల కందిరీగ ఆ పగుళ్ళలో ఒక్కోదాంట్లోకీ దూరి చూస్తోంది, అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్ళలా. ఒకటి నచ్చింది. అప్పుడు ఎగిరిపోయింది. ముప్పావుగంట తర్వాత సాలీణ్ణి పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఈడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ పగులులోకే దిగింది. వాచ్‌మన్ "ఏంటమ్మా, కందిరీగతో కబుర్లా?" అని నవ్వాడు. తర్వాత ఆయనే రోజూ కబురుపెట్టేవాడు, "మీ చుట్టాలొచ్చారు" అని.

మీ ఇసుకకు కూడా వెళ్ళాను, ఆరు రోజులు. అక్కడిది పని మొత్తం తలకిందులుగా చేస్తుంది. ముందు వేట. సాలీణ్ణి కుట్టి, కదలకుండా చేసి, చీమలకు అందకుండా మొక్క పంగలో ఇరికిస్తుంది. ఆ తర్వాతే ఇల్లు తవ్వడం. మధ్యమధ్యలో పరిగెత్తుకెళ్ళి చూసుకుంటుంది, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు. ఒకటి ఇల్లు కుదిరాక వేటకు పోతుంది, ఇంకోటి వేట దొరికాక ఇల్లు కడుతుంది. గట్టినేలది తవ్వేది తక్కువ, దానికి పొడుగు దువ్వెన అక్కర్లేదు.

మెట్ల దగ్గర అయిదింటిని పట్టాను. అయిదింటికీ రెక్కలు కొత్తవి, ముళ్ళు పొట్టివి, చివర సూదివి. మీ పన్నెండోదాని పక్కన పెట్టి చూశాను. అవే.

పెదనాన్నా, రెండు. ఒకటి కాదు.

ఇప్పుడు ఒక్క చిక్కు. పొట్టి దువ్వెనది ఇసుకలో నాకు ఒక్కటి కూడా కనబడలేదు. మీ పన్నెండోదాని చీటీ ఇసుక అంటోంది. అది నిజంగా ఇసుకలోదే అయితే కొత్త జాతికి మొదటి నమూనా అదే అవుతుంది, పట్టినవారుగా మీ పేరు అచ్చవుతుంది. కమిటీ అడుగుతున్నది ఒకటే: పట్టిన మనిషి బతికే ఉన్నారు గనక చోటు ఆయనే ఖాయం చెయ్యాలి. ఒక్క వాక్యం రాయండి చాలు.

పిచ్చుక

జులై 8

నా పిచ్చుకకి,

ఇసుకే. రాసుకో. నది ఇసుక, ఎడమ ఒడ్డు, వేసవి చివర. పట్టినవాణ్ణి నేనే.

నీ ఉత్తరం పట్టుకుని మెట్లు దిగాను. రెండేళ్ళ తర్వాత దిగడం. గడియారాలాయన కంగారుపడి "ఏమైందండీ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. "గెలిచానయ్యా" అన్నాను. "ఎవరి మీద?" అన్నాడు. చెప్పడానికి గంట పట్టింది. పాపం, చివరిదాకా విన్నాడు, మధ్యలో రెండు గడియారాలు కూడా బాగుచేశాడు.

సంతకం గారు బతికే ఉన్నారా? తొంభై దాటి ఉంటాయి. హాల్లో ఆయన పటం ఉండేది, ఉందా? ఆ పటం కింద బల్ల మీద జాబితా తెరిచి పెట్టు, ఆ పేజీ దగ్గరే. నాకు ఆరు ప్రతులు కావాలి. ఎవరెవరికి పంపాలో పేర్లు రాసి పెట్టుకున్నాను. ఆ రోజు గదిలో నవ్వినవాళ్ళలో నలుగురు మిగిలారు. మిగతావాళ్ళు తొందరపడి పోయారు.

మీ నాన్నకి కూడా ఒక ప్రతి ఇవ్వు. ఏమీ అనక్కర్లేదు, ఇవ్వు అంతే.

పెదనాన్న

జులై 24

పెదనాన్నా,

మీ వాక్యం కమిటీకి చదివి వినిపించాను. ఒప్పుకున్నారు. ప్రూఫు ఆగస్టు ఆఖరికి వస్తుంది. పెద్దసారు ఉన్నారు, కూతురి దగ్గర. పటం కూడా ఉంది, అద్దం పగిలింది.

నాన్నకి ప్రతి వచ్చేదాకా ఆగలేక చెప్పేశాను. ఎలా తీసుకుంటారోనని బెదురుగా ఉండింది. "అన్నయ్య మాట నిలబడిందన్నమాట" అని పెద్దగా నవ్వారు. ఆయన అంత నవ్వడం ఈ మధ్య చూడలేదు. తర్వాతి ఆదివారం మ్యూజియానికి వచ్చి మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు, కందిరీగల కోసం. "ఇవి మన పాతింటి మెట్ల దగ్గర కూడా తిరిగేవే. ఒకటి పట్టి అన్నయ్యకిచ్చా. ఏం చేశాడో మరి" అన్నారు. మీ పెట్టెలో అలాంటి చీటీ ఏదీ కనబడలేదన్నాను. "ఎందుకుంటుందిలే, పారేసుంటాడు" అన్నారు.

ఇంకో మాట. పన్నెండోదాని బొమ్మ జాబితాలో వెయ్యాలి. ఫొటో చాలు అన్నాం. నాన్న వినలేదు. "అన్నయ్య పురుగుకి నేనే గీస్తా" అని కూర్చున్నారు. కుడిచెయ్యి వణకకుండా ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని గీస్తున్నారు. రోజుకి మూడు నాలుగు ముళ్ళు. ఈసారి చివరలు విరగలేదు గనక మీకు నచ్చుతుందని చెప్పమన్నారు.

పిచ్చుక

ఆగస్టు 5

పిచ్చుకా,

మీ నాన్నని ఆ బొమ్మ ఆపమను. లేదు, ఆపమనకు. ముందు ఇది చదువు.

ఆ పన్నెండోది ఇసుకలోది కాదు. మా పాతింటి మెట్ల దగ్గరిది. పట్టింది మీ నాన్న.

నా దగ్గర పదకొండే ఉండేవి. ఎడమ వరసలో పన్నెండు, కుడి వరసలో పదకొండు. పదకొండు చూస్తే ఎవరో ఒకటి పోగొట్టుకున్నట్టుంటుంది. వ్యాసం మర్నాడు పంపాలి. అంతకుముందు వారం వాడు ఒకదాన్ని గుండుసూదికి గుచ్చి, చీటీతో సహా నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. చూస్తే దువ్వెన పొట్టిది. సరిపోతుందనుకున్నాను. వాడి చీటీ తీసేసి, నా చీటీ రాసి గుచ్చాను. రెండు నిమిషాల పని.

నీ జూన్ ఉత్తరం చదవగానే గుర్తొచ్చింది. గుర్తులేదని రాశాను. జులైలో నువ్వు ఒక్క వాక్యం అడిగావు. అబద్ధం రాయడానికి అంతకంటే తక్కువ చోటు నాకెవరూ ఇవ్వలేదు.

వాడి చీటీలో ఏముందో చెప్తాను. గోరంత కాగితం, చీమల్లాంటి అక్షరాలు: "ఇంటి మెట్లు, గట్టినేల. ముందు పగులు చూసుకుంది. తర్వాత సాలీణ్ణి తెచ్చింది, వెనక్కి నడుస్తూ." నువ్వు నెల రోజులు కూర్చుని కనిపెట్టిందంతా దాని మీద ఉంది. నేను చదివాను. బొమ్మలేసేవాడికి కందిరీగల నడక ఏం తెలుసు అనుకున్నాను. ఆ చీటీ ఉండనిచ్చి, ఆ మెట్ల దగ్గరికి వెళ్ళి ఒక్క పూట కూర్చుని ఉంటే, సంతకం గారి నోరు ఆ వేసవిలోనే మూతపడేది. ఆయన నన్ను ఓడించలేదు. నేను గెలిచే కాగితాన్ని చింపి బుట్టలో వేసుకున్నాను, ఆ తర్వాత ఇరవయ్యారేళ్ళు ఇద్దరు మనుషుల మీద పళ్ళు నూరాను.

ఇది రాయకపోతే ఎవరికీ తెలియదు. నీకు అనుమానం వచ్చిందో లేదో కూడా నాకు తెలియదు. వాడు మణికట్టు పట్టుకుని ముళ్ళు గీస్తున్నాడని రాశావు చూడు, ఆ తర్వాత ఆరు ప్రతుల పేర్ల జాబితా తీసి చదువుకోలేకపోయాను.

కమిటీకి ఈ ఉత్తరం చూపించు. మీ నాన్నకి కూడా.

పెదనాన్న

ఆగస్టు 19

పెదనాన్నా,

కమిటీకి చూపించాను. చీటీ మార్చినట్టు తెలిసిన నమూనా మొదటి నమూనాగా పనికిరాదన్నారు. అది నియమం, ఎవరూ ఏమీ చెయ్యలేరు. జాబితాలో రెండు జాతులే ఉంటాయి. రెండోదానికి మొదటి నమూనా నేను సైకిళ్ళ దగ్గర పట్టింది. మీ పేరు పైన రాదు. కింద చిన్న అక్షరాల గమనికలో వస్తుంది. ఆ గమనిక నేనే రాశాను. ప్రూఫు అనుకున్నదానికంటే ముందే వచ్చింది, ఇందులో పెట్టాను, చూసి పంపండి:

"పాత సంగ్రహంలోని పన్నెండో నమూనా కూడా ఈ జాతిదే. దాని చీటీ సేకర్త చేతిలో పొరపాటున మారి ఉండవచ్చు."

ఇంక నాన్న సంగతి. మీ ఉత్తరం ఆయనకి ఇవ్వలేదు, చదివి వినిపించాను, నా ఎదురుగా ఉండగానే వినాలని. చీటీలో రాసింది మీరు ఎత్తి రాశారు కదా, అక్కడ ఆపమన్నారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

"అక్షరం పొల్లుపోలేదే" అన్నారు. "అయితే చదివాడన్నమాట. చూడకుండా పారేశాడనుకున్నానమ్మా ఇన్నేళ్ళూ" అన్నారు.

"కోపం రావట్లేదా నాన్నా?" అన్నాను.

"వస్తోంది, ఆగు. ముందు ఇది కానీ" అని బొమ్మ దగ్గరికి లాక్కున్నారు కుర్చీ. ఇంకా తొమ్మిది ముళ్ళు మిగిలాయి. జాబితాలో వేసినా వెయ్యకపోయినా పూర్తి చేస్తారట.

ఉత్తరం చివర మీకేమైనా రాయమంటారా అని అడిగాను. "అన్నయ్యకి నా అడ్రసు తెలుసుగా" అన్నారు.

పిచ్చుక

ఆగస్టు 27

పిచ్చుకా,

ప్రూఫు తిప్పి పంపుతున్నాను. ఎర్ర గీతలు ఎక్కువయ్యాయి, మీ ప్రెస్సువాణ్ణి తిట్టుకోవద్దను.

సేకర్త అని రాశావు. ఆ కందిరీగను సేకరించింది నేను కాదు. "మారి ఉండవచ్చు" అని రాశావు. చీటీలు వాటంతటవి మారవు. అన్నిటికంటే పెద్ద తప్పు "పొరపాటున" అన్నది. నా మీద జాలితో వేశావని తెలుసు. వ్యాకరణం ప్రకారం అది చక్కగా ఉంది, నిజం ప్రకారం లేదు. దిద్దిన వాక్యం ఇది, కామాతో సహా ఇలాగే వెయ్యి:

"పాత సంగ్రహంలోని పన్నెండో నమూనా కూడా ఈ జాతిదే. దాన్ని ఇంటి మెట్ల దగ్గర పట్టి, దాని తీరు మొదట రాసి పెట్టింది మ్యూజియం చిత్రకారుడు. ఆ చీటీని కావాలని మార్చింది ఆయన అన్న."

ఆరు ప్రతులు వద్దు, రెండు చాలు. ఒకటి నాకు. రెండోది సంతకం గారికి నేనే పంపుకుంటాను, పదకొండింటి విషయంలో ఆయన అన్నది నిజమని అట్ట లోపల రాసి. ఆయన సంతోషిస్తాడేమోనన్న భయం ఒక్కటే ఉంది. తొంభై ఏళ్ళకి ఆ మాత్రం సంతోషం తట్టుకుంటాడులే.

ఈ కవరుతో పాటే ఇంకో కవరు పోస్టు చేస్తున్నాను, మీ నాన్న అడ్రసుకి. కవరు వెనక పేరు చూసి చింపుతాడేమో నాకు తెలియదు. అడగకు.

పెదనాన్న